సర్దుకుపోవడం రక్షణ కాదు

వాతావరణం మారితే అడవులకు, పక్షులకు, పంటలకు ఏమవుతుందన్న ప్రశ్న ఎక్కడ వచ్చినా ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. ‘ఏమీ కాదు, సర్దుకుంటాయి. లక్షల ఏళ్లుగా సర్దుకుంటూనే వచ్చాయి కదా’ అంటారు. ఇది చదువుకోనివాళ్ల మాట అనుకుంటే పొరపాటు. జీవశాస్త్రం చదివినవాళ్లు దీనికి శాస్త్రం మద్దతు కూడా చూపిస్తారు. దృశ్యరూప ప్లాస్టిసిటీ అనే గుణాన్ని సాక్ష్యంగా నిలబెడతారు. ఒకే జన్యువులున్న జీవి పరిసరాలను బట్టి వేరువేరు రూపాలు, వేరువేరు నడవడికలు పొందగలగడమే ఆ గుణం. ఈ గుణం ఉంది కాబట్టి జీవుల జనాభాలు ఎలాంటి కుదుపునైనా తట్టుకుంటాయని, వాటి సంఖ్యలు నిలకడగానే ఉంటాయని, మనం కంగారు పడనక్కరలేదని వాళ్ల వాదన.

ఆ గుణం ఉన్నమాట నిజం. దాన్నుంచి లాగిన ముగింపు మాత్రం తప్పు. ప్లాస్టిసిటీ జనాభాకు ఎప్పుడూ అండగా ఉండే శక్తి కాదు. కొన్నిచోట్ల అది సంఖ్యలను నిలబెడుతుంది. కొన్నిచోట్ల ఉప్పెనలా పెంచుతుంది. ఇంకొన్నిచోట్ల చడీచప్పుడు లేకుండా కూలదోస్తుంది. ఎక్కడ ఏం చేస్తుందో తెలుసుకోకుండా ‘సర్దుకుంటాయిలే’ అని కూర్చోవడం రైతుకూ నష్టమే, అడవికీ నష్టమే.

ముందు ఈ గుణం ఎలా పనిచేస్తుందో చూద్దాం. 1909లో జర్మన్ జంతుశాస్త్రవేత్త రిచర్డ్ వోల్టెరెక్, చెరువుల్లో బతికే డాఫ్నియా అనే చిన్న జీవి మీద పరిశోధన చేశాడు. ఒకే వంశానికి చెందిన డాఫ్నియాలు తిండి దొరికే తీరును బట్టి వేరువేరు ఎత్తుల తలలతో పెరగడం గమనించాడు. వాటికి తల్లి నుంచి సంక్రమించింది ఫలానా ఎత్తు తల కాదు. ‘ఇంత తిండి ఉంటే ఇంత ఎత్తు పెరగాలి’ అనే నియమం సంక్రమించింది. దాన్నే ఆయన ప్రతిస్పందన ప్రమాణం అన్నాడు. ఈ వ్యాసంలోని వాదానికి ఆయువుపట్టు ఇదే. జీవి పరిస్థితిని తర్కించి నిర్ణయం తీసుకోదు. ఒక సూచన అందుకుంటుంది, పాత నియమం ప్రకారం మారుతుంది. ఆ నియమం గడిచిన కాలంలో పనికొచ్చింది కాబట్టి నిలిచింది. రాబోయే కాలానికి పనికొస్తుందన్న హామీ అందులో లేదు. పైగా ఆ నియమం ఒక్కో జీవి మనుగడకూ సంతానానికీ సంబంధించినది. మొత్తం జనాభా స్థిరంగా ఉండటం దాని లక్ష్యం కానే కాదు.

ఇక వాదంలోని మొదటి మెట్టు చూద్దాం. ప్లాస్టిసిటీ జనాభాలకు నిలకడ ఇస్తుందంటున్నారు. మరి ఎడారి మిడత సంగతేమిటి?

ఈ మిడతలు తరాల తరబడి ఒంటరిగా బతకగలవు. ఇసుకలో కలిసిపోయే రంగులో ఉంటాయి, రాత్రిపూట తిరుగుతాయి, ఒకదాన్ని చూసి ఒకటి తప్పుకుంటాయి. గుంపు దశకు వచ్చాక అదే మిడత పగలు ఎగురుతుంది, తోటివాటిని వెతుక్కుంటూ పోతుంది, రంగు మార్చుకుంటుంది. ఈ రెండు దశలు ఎంత వేరుగా కనిపిస్తాయంటే, వలస మిడతలోని రెండు రూపాలను శాస్త్రవేత్తలు చాలాకాలం రెండు వేరు జాతులనుకున్నారు. అవి రెండూ ఒకటేనని 1921లో బోరిస్ ఉవరోవ్ తేల్చిచెప్పాడు. ఎడారి మిడతలో ఈ మార్పు ఎలా మొదలవుతుందో తర్వాతి పరిశోధకులు బయటపెట్టారు. గుంపులో మిడతల వెనక కాళ్లు పదేపదే ఒకదానికొకటి తగులుతాయి. ఆ తాకిడికి నాడీ వ్యవస్థలో సెరటోనిన్ అనే రసాయనం పెరుగుతుంది. కొద్ది గంటల్లోనే నడవడిక మారిపోతుంది. ఈ సంగతిని 2009లో ఒక బ్రిటిష్, ఆస్ట్రేలియన్ పరిశోధక బృందం నిరూపించింది. గుంపు దశలో ఉన్న తల్లి గుడ్లు పెడితే పిల్లలు పుట్టుకతోనే గుంపు వైపు మొగ్గుతాయి.

ఇందులో నిలకడ ఎక్కడుంది? వాన పడి పచ్చిక మొలిస్తే మిడతలు పెరుగుతాయి. పచ్చిక ఎండుతూ అక్కడక్కడ దుబ్బులుగా మిగిలితే అన్నీ ఆ దుబ్బుల మీదికే చేరతాయి. చేరితే తాకిడి పెరుగుతుంది, తాకిడితో రూపం మారుతుంది, మారిన రూపం మరింత గుంపును కోరుతుంది. ఒక ప్రాంతంలో మిడతల సంఖ్య అంతే ఉన్నా పచ్చిక సమంగా పరుచుకుని ఉంటే అవి ఒంటరిగానే ఉండిపోవచ్చు, ముక్కలుముక్కలుగా ఉంటే దండుగా మారవచ్చు. 2018 మే నెలలో మెకును, అక్టోబరులో లుబాన్ అనే తుపాన్లు అరేబియా ద్వీపకల్పంలో మనుషులు తిరగని ఎడారిని తడిపాయి. అక్కడ ఎవరి కంటా పడకుండా మూడు తరాల మిడతలు పెరిగాయి. 2020 నాటికి కెన్యా 70 ఏళ్లలో ఎరగనంత దండును చూసింది. అదే ఏడాది మే నెలలో దండులు రాజస్థాన్, మధ్యప్రదేశ్ దాటి విదర్భ దాకా వచ్చాయి. తెలంగాణ ప్రభుత్వం మహారాష్ట్ర సరిహద్దు జిల్లాలను అప్రమత్తం చేయాల్సి వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్క ప్రకారం ఒక చదరపు కిలోమీటరు దండు ఒక్కరోజులో 35,000 మంది తినే తిండి తినేస్తుంది. ప్లాస్టిసిటీ అంటే కుదుపును తగ్గించే గుణమే అనేవాళ్లు ఈ దండును ఏ లెక్కలో వేస్తారు? ఇక్కడ కుదుపును పుట్టించిందే ఆ గుణం.

మిడత ఎక్కడో ఎడారి సంగతి అనుకుంటే మన వరిపొలానికే వద్దాం. గోదావరి, కృష్ణా డెల్టాల్లో సుడిదోమ పేరు తెలియని రైతు ఉండడు. పొలం మధ్యలో గుండ్రంగా పైరు ఎండిపోయి సుడులు కనిపించేసరికి చేతికొచ్చిన పంట పోయినట్టే. ఈ దోమలో పెద్ద పురుగులు రెండు రకాలు: పొడవు రెక్కలవి, పొట్టి రెక్కలవి. ఏ పిల్ల పురుగు ఏ రకంగా ఎదగాలో దాని పరిసరాలు నిర్ణయిస్తాయి. దోమలో ఇన్సులిన్ సందేశాన్ని అందుకునే రెండు గ్రాహకాలు ఈ మలుపును నడిపిస్తాయని 2015లో చైనా శాస్త్రవేత్తలు నిరూపించారు.

పొలంలో జరిగేది ఇది. పొడవు రెక్కల దోమలు ఎగిరొచ్చి లేత పైరు మీద వాలతాయి. పైరు ఏపుగా, రసవంతంగా ఉంటే వాటి పిల్లల్లో చాలావరకు పొట్టి రెక్కలవిగా ఎదుగుతాయి. పొట్టి రెక్కల ఆడదోమ ఎగరలేదు. రెక్కలకు పెట్టాల్సిన ఖర్చును గుడ్లకు పెడుతుంది. త్వరగా గుడ్లు మొదలుపెడుతుంది, ఎక్కువ పెడుతుంది. రెండు మూడు తరాల్లో దుబ్బు అడుగు నిండిపోతుంది. రద్దీ పెరిగి, పైరు పసుపుబారాక, తర్వాతి తరం మళ్లీ పొడవు రెక్కలతో ఎదిగి మరో పొలానికి లేచిపోతుంది. మనకు మిగిలేవి సుడులు. వచ్చి స్థిరపడటం, విపరీతంగా పెరగడం, తిన్నంత తిని తరలిపోవడం అనే ఈ మూడంచెల దాడి మొత్తం ఒకే జన్యువులు రెండు రూపాలు ఇవ్వగలగడం మీదే ఆధారపడింది.

అందుకే నేను ప్రశ్నించేది లెక్కించే పద్ధతిని. దుబ్బుకు ఇన్ని దోమలుంటే మందు కొట్టాలి అనే లెక్క రైతుకు తేలిక, అవసరం కూడా. దాన్ని తీసేయమనడం లేదు. కానీ దుబ్బుకు పది పొడవు రెక్కల దోమలున్న పొలం, పది పొట్టి రెక్కల ఆడదోమలున్న పొలం ఒకటి కాదు. మొదటిది ఇంకా వలస వచ్చిన అతిథుల దశలో ఉండవచ్చు, లేదా విడిచిపోయే దశలో ఉండవచ్చు. రెండోది పేలబోతోంది. తలలు లెక్కబెట్టి రూపాలు చూడకపోతే రెండు పొలాలకూ ఒకే సలహా పోతుంది. పొలానికి అదనంగా వేసిన నత్రజని, ఒత్తుగా వేసిన నాట్లు, దోమను తినే సాలీళ్లను, మిరిడ్ నల్లులను చంపేసే మందులు దోమ పెరుగుదలకు దారి చూపుతాయని ఆసియా అంతటా తెలిసిన విషయమే. ఇండోనేషియా 1986లో వరిలో 57 రకాల పురుగుమందులను నిషేధించింది ఈ అనుభవంతోనే. మన వ్యవసాయ శాస్త్రవేత్తలు ప్రతి రెండు మీటర్లకు కాలిబాట తీయమని చెప్పేది కూడా పైరులోకి గాలి, వెలుతురు వెళ్లి దోమకు నచ్చే వాతావరణం చెదరాలనే. పరిసరాలను మారిస్తే పురుగు తీరు మారుతుంది. సలహాలో ఈ తెలివి ఉంది, లెక్కలో కూడా రావాలి.

రెండో మెట్టు చూద్దాం. ‘కాలం మారితే పక్షులూ తమ కాలాన్ని మార్చుకుంటాయి’ అంటారు. దీనికి ఆక్స్‌ఫర్డ్ దగ్గరి వైథమ్ అడవిని ఉదాహరణగా చూపిస్తారు. అక్కడ గ్రేట్ టిట్ అనే చిన్న పక్షిని దశాబ్దాలుగా గమనిస్తున్నారు. 47 ఏళ్ల లెక్కలు చూస్తే, వసంతం ముందుకు జరిగిన కొద్దీ ఆ పక్షులు గుడ్లు పెట్టే కాలాన్ని దాదాపు 14 రోజులు ముందుకు జరుపుకున్నాయి. పిల్లలకు పెట్టాల్సిన గొంగళిపురుగులు కూడా అంతే ముందుకు జరిగాయి. లెక్క సరిపోయింది. 2008లో ఆన్ షార్మాంటియే బృందం ప్రచురించిన ఈ ఫలితం నిజమైనది, గొప్పది.

కానీ ఇదే పక్షి నెదర్లాండ్స్‌లోని హోహె వేలువె అడవిలో అలా సర్దుకోలేకపోయింది. అక్కడ గొంగళిపురుగుల కాలం ముందుకు పోయినంతగా గుడ్లు పెట్టే కాలం పోలేదని మార్సెల్ విసర్ బృందం 1998 నుంచీ చెబుతూనే ఉంది. జాతి ఒకటే, ఫలితం వేరు. గుడ్లు పెట్టే నాటికి పక్షికి అందే సూచన ఒకటి, నెల తర్వాత పిల్లలకు తిండి అందించే వేడి మరొకటి. ఆ రెండూ కలిసి మారితే వైథమ్ అవుతుంది, విడివిడిగా మారితే హోహె వేలువె అవుతుంది.

పైడ్ ఫ్లైక్యాచర్ అనే వలసపక్షి కథ ఇంకా కఠినం. ఇది శీతాకాలం పశ్చిమ ఆఫ్రికాలో గడుపుతుంది. యూరప్‌కు బయల్దేరే సమయాన్ని పగటి నిడివి చూసి నిర్ణయించుకుంటుంది. యూరప్‌లో వసంతం ముందే వచ్చిందన్న కబురు ఆఫ్రికాలో పగటి నిడివి ద్వారా అందదు. భూమి వేడెక్కినా పగటి నిడివి మారదు కదా. నెదర్లాండ్స్‌లో గొంగళిపురుగులు మరీ ముందుగా వచ్చే అడవుల్లో ఈ పక్షుల సంఖ్య రెండు దశాబ్దాల్లో దాదాపు 90 శాతం పడిపోయిందని క్రిస్టియాన్ బోత్ బృందం 2006లో వెల్లడించింది. ఆ పక్షికి మారే శక్తి లేదని కాదు. గూటికి చేరాక గుడ్లు పెట్టే తేదీని అది కొంత ముందుకు జరుపుకుంది కూడా. తప్పుడు గడియారం చూసి బయల్దేరినవాడు దారిలో ఎంత పరుగెత్తినా రైలు అందదు.

ఇక్కడ అవతలి పక్షానికి ఉన్న బలమైన ఆధారాన్ని దాచకుండా చెప్పాలి. 2013లో థామస్ రీడ్, విసర్, వాళ్ల సహచరులు హోహె వేలువె పక్షుల మీద మరో ఫలితం ప్రచురించారు. కాలం తప్పిన ఏళ్లలో కూడా అక్కడి గ్రేట్ టిట్ల జనాభా తగ్గలేదు. చూశారా, సర్దుకున్నాయి అని దీన్ని పట్టుకుని చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. ఆ పత్రాన్ని చివరిదాకా చదివితే అర్థం వేరు. జనాభాను నిలబెట్టింది పక్షుల ప్లాస్టిసిటీ కాదు. తిండి చాలక తక్కువ పిల్లలు ఎగిరాయి. తక్కువ పిల్లలు ఉన్నాయి కాబట్టి శీతాకాలంలో పోటీ తగ్గింది. పోటీ తగ్గింది కాబట్టి ఉన్నవాటిలో ఎక్కువ బతికాయి. అంటే గూటిలో జరిగిన నష్టాన్ని చలికాలపు పోటీ పూడ్చింది. ఈ పూడ్పుకు హద్దుంది. ఎగిరే పిల్లలు మరీ తగ్గితే పూడ్చడానికి ఏమీ మిగలదు. సంఖ్య నిలకడగా ఉన్నంత మాత్రాన లోపల అంతా బాగున్నట్టు కాదని ఈ ఫలితమే చెబుతోంది. అవతలివాళ్లు తమ సాక్షిగా పిలిచిన పత్రం నిజానికి నా వాదానికే సాక్ష్యం.

మొక్కల విషయంలో నేను మరింత ఉదారంగా ఒప్పుకుంటాను. అక్కడ ప్లాస్టిసిటీ నిజంగానే నిలకడ ఇస్తుంది. జంతువుకు కాళ్లెన్నో పుట్టుకతోనే ఖాయం. మొక్కకు కొమ్మలెన్నో, పిలకలెన్నో చోటును బట్టి ఉంటుంది. ఒక చదరపు మీటరులో విత్తనాలు పలుచగా వేసినా, బాగా ఒత్తుగా వేసినా, చివరికి అక్కడ తయారయ్యే మొత్తం దిగుబడి బరువు చాలావరకు ఒకే స్థాయికి చేరుతుందని 1950లలోనే జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. ఒత్తుగా ఉంటే ఒక్కో మొక్క చిన్నదవుతుంది, పలుచగా ఉంటే పెద్దదవుతుంది. వరి పలుచగా నాటితే ఎక్కువ పిలకలు వేసి చోటు నింపుకునేది ఈ గుణంతోనే.

అయితే ఈ నిలకడకు గడువు ఉంది. అది రైతులకు పుస్తకం లేకుండానే తెలుసు. కాలువ నీళ్లు ఆలస్యమై నారు ముదిరిపోతే, ఆ నారు నాటిన పొలంలో పిలకలు సరిగా రావు. అందుకే ముదురు నారైతే కుదురుకు ఎక్కువ మొక్కలు, దగ్గర దగ్గరగా నాటమంటారు. పిలక వేసే కిటికీ మూసుకుపోయాక ఎంత మంచి భూమి ఇచ్చినా, ఎంత ఎరువు వేసినా అది మళ్లీ పూర్తిగా తెరుచుకోదు. పూతదశలో ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని తాలు గింజలు పెరుగుతాయి. అప్పటికి పిలకల లెక్క తేలిపోయి ఉంటుంది, వెన్ను పరిమాణం ఖాయమైపోయి ఉంటుంది. మొదటి నెలలో సర్దుకోగలిగిన మొక్క మూడో నెలలో సర్దుకోలేదు. ‘వరి సర్దుకుంటుంది’ అనేవాళ్లు ఏ వయసు వరి గురించి మాట్లాడుతున్నారో చెప్పాలి.

ఇంకో సంగతి ఉంది. ఈ గుణం అందరికీ సమంగా లేదు. వయ్యారిభామను చూడండి. 1950లలో పుణె ప్రాంతంలో కనిపించిన ఈ మెక్సికో మొక్క ఇప్పుడు మన ఊళ్ల బీళ్లలో, రోడ్డు పక్కన, పొలం గట్ల మీద ఎక్కడ చూసినా ఉంది. తడి ఉంటే ఛాతీ ఎత్తు పెరిగి వేల గింజలు రాలుస్తుంది. తడి లేకపోతే జానెడు ఎత్తులోనే పూసి, ఉన్నన్ని గింజలు రాల్చుకుని పని ముగిస్తుంది. మంచి ఏడు వస్తే విరగబూస్తుంది, చెడ్డ ఏడు వచ్చినా ఖాళీ చేతులతో పోదు. ఒడుదొడుకులు పెరిగిన కొద్దీ ఇలాంటి మొక్కలే ముందుకొస్తాయి. ఒక తేదీకి, ఒక తేమకు, ఒక తోడు జీవికి కట్టుబడి బతికేవి వెనకబడతాయి. కాబట్టి ‘జీవులు సర్దుకుంటాయి’ అన్న మాటలో ‘జీవులు’ అంటే ఏవి? పచ్చగా కనిపిస్తే చాలనుకుంటే వయ్యారిభామ నిండిన బీడు కూడా పచ్చగానే ఉంటుంది. పశువు మేయడానికి మాత్రం అక్కడ ఏమీ ఉండదు.

చివరిగా, ప్లాస్టిసిటీ కూలదోసే చోటు. సముద్ర తాబేళ్లలో పిల్ల ఆడదా మగదా అన్నది జన్యువులు తేల్చవు. ఇసుకలో గుడ్డు పొదిగే వేడి తేలుస్తుంది. సుమారు 29 డిగ్రీల దగ్గర రెండూ సమంగా పుడతాయి. అంతకంటే వేడెక్కితే ఆడవి, చల్లబడితే మగవి ఎక్కువవుతాయి. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగపు పచ్చ తాబేళ్లను పరీక్షించిన శాస్త్రవేత్తలు 2018లో చెప్పిన లెక్క ఇది: పెద్దవాటిలో ఆడవి దాదాపు 87 శాతం, చిన్నవాటిలో 99 శాతం పైన. ఇక్కడ ప్రమాదం ఎలా దాగుందో గమనించాలి. ఆడ తాబేళ్లు పెరిగితే కొంతకాలం ఒడ్డున గూళ్లు పెరుగుతాయి. గూళ్లు లెక్కబెట్టేవాడికి జనాభా బాగున్నట్టే కనబడుతుంది. తాబేలు ఎదిగి గుడ్లు పెట్టడానికి దశాబ్దాలు పడుతుంది కాబట్టి, మగవి చాలకపోతే ఆ లోటు బయటపడేది ఒక మనిషి తరం తర్వాత. శ్రీకాకుళం నుంచి దక్షిణం వైపు సాగే మన తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లదీ ఇదే సూత్రం. ఒడ్డున వాటి గుడ్లు తెచ్చి సంరక్షణ కేంద్రాల్లో పొదిగించే అటవీ సిబ్బంది, స్వచ్ఛంద కార్యకర్తలు చేస్తున్నది మంచి పని. ఎన్ని పిల్లలను సముద్రంలో వదిలారన్న లెక్కతో పాటు ఏ వేడిలో పొదిగించారన్న లెక్క కూడా రాస్తే ఆ పనికి నిండుదనం వస్తుంది. ఇసుకలో ఒక థర్మామీటరు, ఎండవేళ గూటిపైన కాస్త నీడ ఉంటే చాలు, ఖర్చేమీ కాదు.

దీనికి ఒక గట్టి ఎదురువాదం ఉంది. ప్లాస్టిసిటీ శాశ్వత పరిష్కారం కాకపోయినా, జన్యువుల్లో పరిణామం వచ్చేదాకా జనాభాను బతికించి ఉంచుతుందని 1896లోనే జేమ్స్ మార్క్ బాల్డ్విన్ చెప్పాడు. నిజమే, సమయం దొరుకుతుంది. 2010లో షెవాన్, లాండే, మేస్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దీన్ని గణితంగా విడమరిచారు. ప్లాస్టిసిటీ ఉంటే జనాభా తట్టుకోగల మార్పు వేగం పెరుగుతుంది, కాకపోతే ఆ వేగానికీ ఒక అంచు ఉంటుంది. సూచన నమ్మదగింది కాకపోతే, మార్పుకు పెట్టే ఖర్చు పెరిగితే ఆ అంచు దగ్గరికొస్తుంది. పైగా అందరూ కొంత సర్దుకోగలిగితే ఎవరి జన్యువులు మెరుగో ప్రకృతి వేరుచేయలేదు, కాబట్టి పరిణామం నెమ్మదించవచ్చు కూడా. దొరికిన సమయాన్ని వాడుకుంటేనే దానికి విలువ. ఆ సమయాన్ని చూపించి ‘తొందరేముంది’ అనడం దాన్ని వృథా చేయడమే.

నా వాదం నిరాశ కోసం కాదు. ప్లాస్టిసిటీ మీద నమ్మకం పెట్టుకోవచ్చు, ముందు దాన్ని కొలవాలి. పురుగును లెక్కబెట్టేటప్పుడు దాని రెక్కలు కూడా చూడాలి. గూళ్లను లెక్కబెట్టేటప్పుడు ఇసుక వేడి కూడా రాయాలి. పక్షులు ఎన్ని వచ్చాయన్నదానితో పాటు ఏ తేదీన వచ్చాయో, అప్పటికి వాటి తిండి ఉందో లేదో నమోదు చేయాలి. పంట వాతావరణాన్ని తట్టుకుంటుందా అని అడిగేటప్పుడు ఏ దశలో, ఎన్ని డిగ్రీల దాకా అని అడగాలి. ఇవేవీ ఖరీదైన పనులు కావు. ఏళ్ల తరబడి ఒకే చోట, ఒకే పద్ధతిలో గమనించే ఓపిక కావాలి, ఆ ఓపికకు జీతం ఇచ్చే ప్రభుత్వాలు కావాలి. వైథమ్‌లో, హోహె వేలువెలో ఏం జరిగిందో ఈరోజు మనకు తెలిసిందంటే అక్కడివాళ్లు దశాబ్దాలు రాసుకున్నారు కాబట్టే. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, అటవీ శాఖలు, డిగ్రీ కాలేజీల వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర విభాగాలు ఈ పని తమ జిల్లాల్లోనే మొదలుపెట్టవచ్చు. ఆ లెక్కలు చేతికొచ్చాక ఏ జీవి సర్దుకుంటుందో, ఏది సర్దుకోలేదో, దేన్ని అదుపులో పెట్టాలో చెప్పగలం. అవి లేకుండా ‘సర్దుకుంటాయి’ అనే అధికారం ఎవరికీ లేదు.